ఉద్యోగం కోసం కాని కంప్యూటరు

తెలుగు ఇళ్ళలోకి కంప్యూటరు ఉద్యోగం వెంట వచ్చింది. 1990ల చివరినాటికి హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో, జావా, ఒరాకిల్, శాప్ వంటి పేర్లతో వెలసిన బోర్డులు ఒక్కొక్కటీ ఒక కొలువుకు, అదృష్టం బాగుంటే ఒక వీసాకు, దారి చూపించాయి. ఆ దారిన నడిచి తమ కుటుంబాలను ఒడ్డున పడేసినవారు ఎందరో ఉన్నారు. వారి కష్టాన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. అయితే ఆ చరిత్ర మనకు ఒక చూపును అలవాటు చేసింది. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాణ్ణి చూస్తే ఏ కోర్సు చేస్తున్నావనో, ఏ కంపెనీకి ప్రయత్నిస్తున్నావనో అడుగుతాం. ఇందులో నీకేం నచ్చిందని అడగం. జీతానికీ పరీక్షకూ సంబంధం లేకుండా, ఇష్టం కొద్దీ ఒక ప్రోగ్రామును విప్పి చూసే మనిషి మన దృష్టిలో కాలం వృథా చేస్తున్నవాడు.

ఈ చూపు మారాలన్నది నా వాదన. సాంకేతికతను అభిరుచిగా పెట్టుకున్నవారిని ఓర్చుకుంటే చాలదు. వారు చేసే పనికి ఒక విలువ ఉందనీ, అది ఉద్యోగపు విలువతో కొలవగలిగేది కాదనీ మన ఇళ్ళూ కళాశాలలూ ఒప్పుకోవాలి. ఇలా అనడానికి నాకు ఉన్న ఆధారాలలో అన్నిటికంటే దగ్గరది మన కళ్ళ ముందే ఉంది. ఈ రోజు తెరమీద మనం చదువుతున్న తెలుగులో చాలా భాగం, ఎవరూ అడగకపోయినా, ఎవరూ డబ్బివ్వకపోయినా, ఇష్టంతో పనిచేసినవారి చేతుల మీదుగా మనదాకా వచ్చింది.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అని మనలో చాలామంది అనుకుంటారు. ధర అందులో చిన్న సంగతి. ప్రోగ్రాము మూలపాఠాన్ని (సోర్స్ కోడును) ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని మరొకరికి పంచవచ్చు అన్న హక్కు అసలు సంగతి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ఈ హక్కునే ప్రధానంగా చెప్పాడు; 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు దానికి చట్టబద్ధమైన రూపం ఇచ్చింది. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, అది కేవలం హాబీ అనీ, గ్నూలాగా పెద్దది కాబోదనీ ప్రకటించాడు. ఆ హాబీయే లినక్స్ అయింది. మన జేబులోని ప్రతి ఆండ్రాయిడ్ ఫోను లోపలా ఉన్నది దాని మూలభాగమైన కెర్నెలే. ఈ కథ ఎన్నోసార్లు చెప్పుకున్నదే కనుక ఇక్కడ ఆగను. తెలుగు కథ అంతగా చెప్పుకోలేదు.

1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగును ఎలా రాయాలన్న ప్రశ్నకు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని తయారుచేశారు. దూరదేశంలో ఉండి సొంత భాషలో పద్యాలూ ఉత్తరాలూ రాసుకోవాలన్న కోరిక తప్ప దాని వెనుక వ్యాపారమేమీ లేదు. ఆ తరువాత వచ్చిన లేఖిని వంటి టైపింగు పరికరాలు ఆ బాటనే పట్టాయి; నేటికీ ఎందరో తెలుగువారి వేళ్ళకు అలవాటైన పద్ధతి అదే. 1991లోనే ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం మొదటి కూర్పులో తెలుగుకు స్థానం దొరికినా, ఆ స్థానం కాగితం మీద ఉన్నంతకాలం పాఠకుడికి ఒరిగిందేమీ లేదు, ఎందుకంటే అక్షరాన్ని చూపించే ఫాంటు కావాలి, దాన్ని అమర్చే ప్రోగ్రాము కావాలి, రాసే సాధనం కావాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లను తయారుచేసి జీపీఎల్ లైసెన్సుతో అందరికీ ఇచ్చారు. ఆ రోజుల్లో ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వార్త స్థానంలో అర్థంకాని గుర్తులు కనిపించేవి, వెతుకుదామన్నా దొరికేవి కావు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జునే, ఆ పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ప్రోగ్రామును కూడా రాశారు. తరువాతి కాలంలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, మండలి వంటి పేర్లతో స్వేచ్ఛా లైసెన్సు ఉన్న ఫాంట్లు వచ్చాయి. అష్టదిగ్గజాలలో ఇందరి పేర్లు ఫాంట్ల జాబితాలో కనిపించడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగించే విషయం.

ఈ పనుల్లో ఉన్న కష్టం బయటివారికి తెలియదు కనుక కాస్త వివరంగా చెప్పాలి. మనం ‘స్త్రీ’ అని ఒక అక్షరంగా చదివేది కంప్యూటరుకు ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఈ ఆరింటిలో ఏది ప్రధాన అక్షరంగా నిలవాలి, ఏది ఒత్తుగా కిందికి దిగాలి, ఈత్వం ఎవరి నెత్తిన కూర్చోవాలి అన్నది నిర్ణయించే ప్రోగ్రాము వేరే ఉంటుంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వాడే అటువంటి ప్రోగ్రాము పేరు హార్ఫ్‌బజ్. అది ఓపెన్ సోర్స్. దాని మూలపాఠంలో భారతీయ లిపుల భాగాన్ని తెరిచి చదివితే తెలుగుకు, కన్నడానికి, మలయాళానికి వేర్వేరు అమరికలు కనిపిస్తాయి. ప్రత్యేకంగా కోరితే తప్ప తెలుగులో రకారం వలపలగిలకగా (అక్షరానికి కుడిపక్కన రాసే పాత గుర్తుగా) మారకూడదన్న నియమం కూడా అందులో ఉంది. పాత అచ్చుపుస్తకాలలో తప్ప మనం చూడని వలపలగిలకను, తెలుగు చదవడం రానివారు కూడా పాలుపంచుకున్న ఒక ప్రోగ్రాము ఇంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకుందని తెలిసినప్పుడు, నా భాష మీద నాకున్న గౌరవం, ఆ అపరిచితుల మీద గౌరవం, రెండూ ఒకేసారి పెరిగాయి. నాకు అది చదవడానికి ఏ ఉద్యోగమూ, ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

దీనికి పక్కన 2018 ఫిబ్రవరి నాటి సంగతిని పెట్టి చూడాలి. ‘జ్ఞా’ రూపంలో ఉన్న ఒక తెలుగు సంకేతాల వరుస సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ సందేశాన్ని చూపించే ఆప్ కుప్పకూలేది. ప్రపంచమంతా దాన్ని వింతగా చెప్పుకుంది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆ లోపం సరిచేశారు. ఆ మధ్యకాలంలో బయటి ఇంజనీరులు చేయగలిగింది రకరకాల అక్షరాలను కలిపి పరీక్షించి, బెంగాలీలోనూ దేవనాగరిలోనూ కూడా ఇటువంటి వరుసలున్నాయని గుర్తించి, లోపల ఏం జరుగుతోందో ఊహించడమే. మూలపాఠం మూసి ఉన్నప్పుడు మన అక్షరం గురించి మనకంటే ఎక్కువ తెలిసినవారు లోకంలో లేకపోయినా మనం గడప దగ్గరే నిలబడాలి. తెరిచి ఉన్న ప్రోగ్రాములోనూ లోపాలుంటాయి, కొన్నిసార్లు ఏళ్ళతరబడి ఉంటాయి. కాని వాటిని వెతికే హక్కు తెనాలిలో కూర్చున్న డిగ్రీ విద్యార్థికి కూడా ఉంటుంది.

నా సొంత అభ్యాసం చాలా మామూలుది. సికింద్రాబాదులో కంప్యూటర్లు అమ్మే సీటీసీలో సెకండ్‌హ్యాండుకు కొన్న ల్యాప్‌టాపులో డెబియన్ అనే లినక్స్ కూర్పును వేసుకుని సంవత్సరాలుగా వాడుతున్నాను. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ముగిసింది, విండోస్ 11 అధికారికంగా కొత్త తరం ప్రాసెసర్లనే ఒప్పుకుంటుంది కనుక, బాగా పనిచేస్తున్న యంత్రాలను మూలన పడేయవలసిన స్థితి ఎన్నో ఇళ్ళకు వచ్చింది. లినక్స్ వేస్తే అవి ఇంకొన్నేళ్ళు నడుస్తాయన్నది నేను తెలిసినవారందరికీ విసుగు లేకుండా చెప్పే మాట. ఇంకొక ఇష్టమైన పని, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పుటలను టెసరాక్ట్ అనే అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాముతో చదివించి, అది ఎక్కడ తడబడుతోందో చూడడం. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో పుట్టి 2005లో ఓపెన్ సోర్స్‌గా బయటికి వచ్చిన ఈ ప్రోగ్రాము నేటి అచ్చును బాగానే చదువుతుంది. పాత సీసపు అచ్చులో ఒత్తులు పై వరుసకు చెందినవో కింది వరుసకు చెందినవో తేల్చుకోలేకపోతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ తృప్తినిచ్చేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు, ప్రతి ఊరికీ స్థానిక భాషలో పేరు చేర్చవచ్చు. కృష్ణా డెల్టాలో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఎక్కడినుంచి ఎటు పోతాయో, ఏ పిల్లకాలువ ఏ ఊరి చేలకు నీరిస్తుందో అక్కడి రైతుకు తెలిసినంతగా ఏ ఉపగ్రహ చిత్రానికీ తెలియదు. పేర్ల సంగతి మరీ ముఖ్యం. కృష్ణా జిల్లాలోని పెదకళ్ళేపల్లిని ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి యంత్రం తెలుగులోకి మారిస్తే అది ‘పెదకల్లేపల్లి’ అవుతుంది. ఆ ‘ళ’ను కాపాడడానికి ఆ ఊరి పేరు నోటితో పలికిన మనిషి కావాలి. ఆ మనిషికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. ఒక ఫోను, ఒక ఖాతా, కొంచెం ఓపిక ఉంటే చాలు. సాంకేతిక అభిరుచి అనగానే ఇంజనీర్ల వ్యవహారం అని పక్కకు తప్పుకునే పోస్ట్‌మాస్టర్లకు, బడిపంతుళ్ళకు, ఆర్‌టీసీ కండక్టర్లకు ఈ మాట చేరాలని నా కోరిక, ఎందుకంటే ఈ పనిలో వారే నిపుణులు.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వస్తాను. నేను పటం మీద పనిచేస్తుండగా చూసి మా పెద్దనాన్నగారు ఒకసారి, “దీనివల్ల నీకేమొస్తుందిరా?” అని అడిగారు. అందులో వెటకారం లేదు. అప్పుచేసి పిల్లలను చదివించిన తరానికి ఆ ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా ఉంది. అభిరుచికి తీరిక కావాలి, తీరికకు కడుపు నిండాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఎప్పుడు వస్తుందోనని ఎదురుచూసే ఇంటి పిల్లవాడికి ముందు ఉద్యోగమే కావాలి. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కాని ఉద్యోగం వచ్చి, ఇల్లు కట్టి, పిల్లలు పెద్దవాళ్ళయిన తరువాత కూడా అదే ప్రశ్న అదే తీరున కొనసాగడం గురించే నా బాధ. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామంది రోజంతా లినక్స్ సర్వర్ల మీద పనిచేస్తారు, సాయంత్రం ఆ ప్రపంచాన్ని ఆఫీసులోనే వదిలేసి వస్తారు. అలసట ఒక కారణం. అయితే వంటో, తోటపనో, క్రికెట్టో ఆ అలసటలోనూ సాగుతున్నాయి కదా. ఇదీ అటువంటి ఇష్టమే కావచ్చునన్న ఊహ మనకు చిన్నప్పుడు ఎవరూ ఇవ్వలేదు. ఖర్చు అడ్డంకి అనుకునేవారికి ఒక మాట గుర్తుచేయాలి: డౌన్‌లోడ్ చేసుకునేంత ఇంటర్నెట్ మన ఇళ్ళకు రాని 2005–2011 మధ్య కాలంలో ఉబుంటు అనే లినక్స్ కూర్పు సీడీలు అడిగినవారికి పోస్టులో పైసా ఖర్చు లేకుండా వచ్చేవి. ఈనాడు అంతకన్నా సులభం.

రెండో వైపు నుంచి వచ్చే ప్రమాదం మరింత సూక్ష్మమైనది. ఓపెన్ సోర్స్‌కు మన కళాశాలల్లో ఈ మధ్య గౌరవం పెరిగింది, కాని అది రెజ్యూమేలో ఒక వరుసగా పెరిగింది. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. మన దేశంలో ప్రచారం పొందిన ఒక వీడియో పాఠాన్ని అనుసరించి వేలాదిగా కుర్రవాళ్ళు, ప్రోగ్రాములతో తమకు ఏ సంబంధమూ లేకపోయినా, వాటి పరిచయ పత్రంలో (README) ఒక ముక్క చేర్చి పంపడం మొదలుపెట్టారు. స్వచ్ఛందంగా ఆ ప్రాజెక్టులను నడుపుకుంటున్నవారు ఆ చెత్తను ఏరుకోలేక సతమతమయ్యారు; అక్టోబరు 3న నిర్వాహకులు నియమాన్నే మార్చి, తమకు ఇష్టమని చెప్పిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయవలసి వచ్చింది. 2024లో వెబ్‌సైట్లు తయారుచేసేవారు వాడే ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకు ఇదే అనుభవం ఎదురైంది: ఒక పాఠంలో ఉదాహరణగా చూపించినదాన్ని అలాగే చేసి, పరిచయ పత్రంలో తమ పేర్లు చేర్చమని విద్యార్థులు వరుసగా పంపారు.

ఆ కుర్రవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఏది చేసినా ఉద్యోగానికి పనికిరావాలని చెప్పి పెంచిన పిల్లలు ఓపెన్ సోర్స్‌ను కూడా ఉద్యోగపు మెట్టుగానే చూశారు, అంతే. కాని దీనివల్ల తేలే విషయం ఒకటుంది. ఈ లోకంలో విలువైన పని, ఆ ప్రోగ్రామును నిజంగా వాడుతూ, దానిలో ఏదో తమను ఇబ్బంది పెడుతుంటే ఎందుకని ఆరా తీసినవారి నుంచి వస్తుంది. అభిరుచి ఉన్నవాడు ముందు వాడుకరి. తెలుగు కీబోర్డులో ‘ఱ’ ఎక్కడుందో దొరక్క విసిగిన మనిషి పంపే ఒక్క ఫిర్యాదు, ప్రోగ్రాము కూర్పు సంఖ్యతో, ఏం చేస్తే లోపం కనబడుతోందో వివరంతో వస్తే, అటువంటి వంద అలంకార మార్పులకంటే మేలు.

ఇష్టంతో చేసే పనిని కంపెనీలు దోచుకుంటున్నాయి, అందువల్ల ఉచితంగా చేయడమే తప్పు అనేవారూ ఉన్నారు. ఈ వాదనలో బలం ఉంది. ఎక్స్‌జడ్ అనే కుదింపు ప్రోగ్రాము దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి నిర్వహించిన లాస్సె కొలిన్, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టు అని 2022లో పని నెమ్మదిగా సాగుతోందని తన వెంటపడినవారికి గుర్తుచేయవలసి వచ్చింది. ఆ ఒత్తిడి నడుమ సహాయకుడిగా చేరి, రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించిన జియా టాన్ అనే మారుపేరు మనిషి, 5.6.0, 5.6.1 కూర్పుల్లో బయటివారు దొంగచాటుగా చొరబడేందుకు రహస్యద్వారం పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజనీరు, సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతోందని గమనించి, ఆ అర సెకను వెంటపడి, 2024 మార్చి 29న సంగతి బయటపెట్టాడు. పెద్ద కంపెనీలు తాము ఆధారపడిన ప్రాజెక్టులకు డబ్బు, మనుషులు ఇవ్వాలన్నది ఇందులో మొదటి పాఠం. దానితో నేను ఏకీభవిస్తాను. కాని అభిరుచిని మానుకోవాలన్నది దీనినుంచి రాదు. అర సెకను తేడాను కొట్టిపారేయకుండా లోపలికి తవ్విన ఆ కుతూహలాన్ని ఏ ఉద్యోగ నియమావళీ రాసి ఇవ్వలేదు, మూలపాఠం తెరిచి ఉండకపోతే ఆ తవ్వకం అంత తొందరగా తేలేదీ కాదు.

పొరుగున కేరళను చూస్తే నాకు కొంచెం అసూయ కలుగుతుంది. 2011 జనాభా లెక్కల్లో మలయాళం మాతృభాషగా చెప్పినవారు సుమారు 3.48 కోట్లు, తెలుగువారు 8.11 కోట్లు. అక్కడ స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ పేరుతో ఔత్సాహికులు చేరి మీరా, రచన, మంజరి వంటి ఫాంట్లను ఏళ్ళ తరబడి సాకుతున్నారు. ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. మనకూ హైదరాబాదులో స్వేచ్ఛ వంటి సంస్థ ఉంది, ఇంజనీరింగు కళాశాలల్లో వాడుకరుల బృందాలను నడుపుతోంది. కాని మనకున్న సాఫ్ట్‌వేర్ బలగాన్ని బట్టి చూస్తే ఇష్టంతో పనిచేసే చేతులు చాలవని నా అభిప్రాయం. ఇందుకు కళాశాలలు చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సాయంత్రం ఆరు తరువాత ల్యాబుకు తాళం వేయకుండా ఉంచాలి. విద్యార్థి చేసిన పనికి మార్కులు వేయకుండా ఉండాలి, ఎందుకంటే మార్కులు వేసిన రోజే అది మరొక రికార్డు పుస్తకం అవుతుంది. పాత కంప్యూటర్లను తుక్కుకు అమ్మే ముందు విప్పి చూసుకోమని పిల్లలకు ఇవ్వాలి.

చేయవలసిన పని కళ్ళెదుట బోలెడంత ఉంది. నాకు అన్నిటికంటే లోటుగా అనిపించేది మంచి తెలుగు అక్షరదోష పరీక్షణ సాధనం. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వాడే హన్‌స్పెల్‌ను లాస్లో నేమెత్ హంగేరియన్ భాష కోసం తయారుచేశాడు. ఆ భాషలోనూ మనలాగే మాటకు ప్రత్యయం మీద ప్రత్యయం చేరుతుంది, అందువల్ల పదాల జాబితాతో పాటు ప్రత్యయ నియమాలు కూడా రాసే వీలు అందులో ఉంది. ‘వెళ్ళిపోయినవాళ్ళందరికీ’ అన్నది ఖాళీ లేకుండా రాసే ఒకే మాట అయిన భాషకు జాబితా ఒక్కటే ఎప్పటికీ చాలదు. మొదట నామవాచకాలకు విభక్తులు చేరే తీరును నియమాలుగా రాయాలి. ఇల్లు ఇంటికి కావడం, చెయ్యి చేతికి కావడం, నుయ్యి నూతికి కావడం వంటి ఔపవిభక్తికాలను విడిగా గుర్తించాలి. ఆ తరువాత క్రియల జోలికి పోవాలి. వ్యాకరణం బోధించిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడూ, సెలవులకు ఇంటికి వచ్చిన ఒక ఇంజనీరింగు విద్యార్థీ ఒక బల్ల దగ్గర కూర్చుంటే, ఈ వేసవిలోనే నామవాచకాల భాగం మొదలుపెట్టవచ్చు.